ఎడమ చెయ్యి, ఎడమ నడుము, కారు బెల్టు: పిస్టల్ సేఫ్టీ వెయ్యాలా, తియ్యాలా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది జమ్మికుంట. జిన్నింగ్ మిల్లు ఉన్నది. పత్తి సీజన్‌ల పైసలతోని తిరిగేది ఉంటది గాబట్టి లైసెన్సు తీసుకున్న. పిస్టల్ .32 బోర్, మన దేశం ఫ్యాక్టరీదే. ఎడమ దిక్కు సేఫ్టీ మీట ఉంటది, హ్యామర్ బయటికి కనపడతది. నాది ఎడమ చెయ్యివాటం, అంగి కింద ఎడమ నడుముకే పెట్టుకుంట. కారు నేనే నడుపుత. మా దోస్తు మిలిటరీల చేసి వచ్చిండు. ఆయన "రౌండు ఎక్కించి సేఫ్టీ తీసి పెట్టుకో, లేకుంటే టైముకు అక్కరకు రాదు" అంటడు. పిస్టల్ అమ్మిన దుకాణపాయన "సేఫ్టీ ఎప్పుడూ వేసే ఉంచు" అన్నడు. మా ఆమె అయితే అది అసలు ఇంట్లనే వద్దంటది, ఇద్దరు చిన్న పిల్లలు. ఎవలి మాట వినాలె? ఇంకోటి, వచ్చే నెల మా మేనకోడలి పెండ్లి హన్మకొండల ఉన్నది. పెట్టుకొని పోవచ్చునా?

సమాధానం: ముగ్గురూ తలా కొంత నిజమే చెప్పారు. కానీ ఎవరి మాటా మీకు పూర్తిగా సరిపోదు. మీ పిస్టల్‌కు, మీ చెయ్యివాటానికి, మీ కారుకు కుదిరే పద్ధతి ఇది: మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే డబ్బాలో, తూటాలు ఉండాలి, ఛాంబర్, అంటే పేలే తూటా కూర్చునే గది, ఖాళీగా ఉండాలి, హ్యామర్, అంటే వెనక ఉండే సుత్తి లాంటి ముక్క, దించి ఉండాలి, పేలకుండా ఆపే సేఫ్టీ తీసి ఉండాలి. మీ దోస్తు చెప్పిన రెండు ముక్కల్లో రెండోది ఉంచుకుని మొదటిది వదిలెయ్యండి. ఛాంబర్‌లో రౌండు, అంటే తూటా, లేనప్పుడు సేఫ్టీ గొడవే చాలావరకు ఉండదు. ఏ కారణం చేతనైనా రౌండు ఎక్కి ఉన్నదంటే మాత్రం సేఫ్టీ పడాల్సిందే. అందులో బేరం లేదు.

ముందు మీ దోస్తు సంగతి. మన సైన్యంలో చాలాకాలంగా వాడుతున్న పిస్టల్ 9 ఎంఎం ఆటో 1ఏ. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ, బ్రౌనింగ్ హై పవర్ జాతిది. హ్యామర్ ముందే వెనక్కి లేచి ఉంటే తప్ప పేలని రకం. అలా లేచాక ట్రిగ్గర్ కాస్త కదిలితే చాలు. అందుకే దానికి బొటనవేలి కింద సేఫ్టీ మీట పెట్టారు. రౌండు ఎక్కించి, హ్యామర్ లేపి, సేఫ్టీ తీసి నడుముకు పెట్టుకుని తిరగమని ఏ పల్టన్‌లోనూ ఏ ఉస్తాదూ నేర్పడు. ఈ మాట మీ దోస్తుకు పల్టన్‌లో కాదు, ఫోన్‌లో వీడియోలు చూస్తూ వంటబట్టి ఉంటుందని నా అనుమానం. ఆ వీడియోల్లో ఎక్కువగా కనపడేది గ్లాక్ లాంటి పిస్టల్. 1982 నాటి ఆ డిజైన్‌కు బయట మీటే లేదు. దాని సేఫ్టీలు లోపల ఉంటాయి, ట్రిగ్గర్‌కు జోడించి ఉంటాయి, ట్రిగ్గర్ నొక్కితేనే ఒకదాని తర్వాత ఒకటి వదులుతాయి. దాన్ని వాడేవాడు "సేఫ్టీ ఎందుకు" అంటే అతని చేతిలోని వస్తువుకు ఆ మాట చెల్లుతుంది. మీ చేతిలోని వస్తువు వేరు. పైగా అది 9 ఎంఎం, మన దగ్గర మామూలు లైసెన్సుకు రాని బోరు (గొట్టం కొలత).

రివాల్వర్ ఉన్నవాళ్లు కూడా మధ్యలో దూరి "మాకు సేఫ్టీయే లేదు కదా, మేం తిరగట్లేదా" అంటారు. వాళ్ల ట్రిగ్గర్ హ్యామర్‌ను లేపుకుంటూ పోవాలి కాబట్టి దూరం ఎక్కువ, బరువెక్కువ. ఆ లెక్క పిస్టల్‌కు తెచ్చి అంటగట్టకూడదు.

ఇంకో చిక్కు ఉంది. సేఫ్టీ మీట అన్ని పిస్టళ్లలో ఒకే దిక్కు తిరగదు. కోల్ట్ 1911 రకంలో మీట పైకి లేపితే సేఫ్టీ పడినట్టు, కిందికి నొక్కితే తీసినట్టు. అది కూడా హ్యామర్ లేచి ఉంటేనే, దించి ఉంటే ఆ మీట పైకే రాదు. 1929లో వచ్చిన వాల్తర్ పీపీలో మీట స్లైడ్ మీద, అంటే వెనక్కి లాగే పై భాగం మీద, ఉంటుంది, కిందికి దించితే సేఫ్టీ పడినట్టు, పైకి లేపితే తీసినట్టు. అంటే రెండూ ఒకదానికొకటి తలకిందులు. కొన్నింట్లో సేఫ్టీ పడితే స్లైడ్ కూడా బిగుసుకుంటుంది, కొన్నింట్లో కదులుతుంది. కాబట్టి పక్కవాడి పిస్టల్ చేసిన అలవాటు మీ వేలికి పనికిరాదు. మీ పిస్టల్‌తో వచ్చిన కాగితం తీసి, ఖాళీ పిస్టల్ మీద ఒక్కొక్కటీ చేసి చూడండి: ఏ దిక్కు తిప్పితే ఏమవుతుంది, హ్యామర్ దించి ఉన్నప్పుడు మీట పడుతుందా, పడితే స్లైడ్ కదులుతుందా. దుకాణపాయన ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా "వేసే ఉంచు" అని ఊరుకున్నాడు చూడండి, అక్కడ నాకు నచ్చలేదు.

ఇప్పుడు అసలైన సంగతి, మీ ఎడమ చెయ్యి. ఒకవైపే మీట ఉన్న పిస్టల్ కుడిచేతి వాళ్ల కోసం చేసినది. మీట ఎడమ వైపు ఉంటుంది, కుడిచేతి బొటనవేలు అక్కడికి సులువుగా అందుతుంది. కుడి నడుముకు పెట్టుకున్నప్పుడు పిస్టల్ ఎడమ వైపు ఒంటికి ఆనుకుని లోపలికి ఉంటుంది, మీటకు ఏదీ తగలదు. మీరు ఎడమ నడుముకు పెట్టుకుంటారు. అప్పుడు ఎడమ వైపు, అంటే మీట ఉన్న వైపు, బయటికి తిరుగుతుంది. అంగి రాపిడి దానికే, కుర్చీ చెయ్యి తగిలేదీ దానికే.

కారులో ఇది మరీ ముదురుతుంది. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, సీటు బెల్టు కుడి భుజం మీదుగా వచ్చి ఎడమ తుంటి దగ్గర బకిల్‌లో పడుతుంది. మీ పిస్టల్ ఉన్నది సరిగ్గా అక్కడే. బెల్టు పెట్టుకునేటప్పుడు, తీసేటప్పుడు మీ చెయ్యి, బకిల్, బెల్టు పట్టీ మూడూ ఆ మీట చుట్టూనే తిరుగుతాయి. జమ్మికుంటలో సేఫ్టీ వేసి ఎక్కినవాడు హుజూరాబాద్‌లో దిగేసరికి అది పడే ఉందో లేదో చూడకుండా చెప్పలేడు. చూడాలంటే నలుగురిలో అంగి లేపాలి. ఎప్పుడు జారుతుందో తెలియని మీటను నమ్ముకుని ఛాంబర్‌లో రౌండు పెట్టుకోవడం ఎలా?

రెండు వైపులా మీట ఉన్న పిస్టళ్లు కూడా వస్తాయి. మార్చుకునే ఆలోచన ఉంటే వేరే మాట. ఉన్నదానికే మీట సాగదియ్యడం, గుండ్రం చెయ్యడం, అటు వైపు ఇంకోటి అతికించడం లాంటివి ఊళ్లో లేత్ మెషీన్ మీద చేయించకండి. ఆయుధం రిపేరు చెయ్యడానికి కూడా లైసెన్సు కావాలి, చేసినవాడితో పాటు మీరూ ఇరుక్కుంటారు.

మీ పని చోటు కూడా సేఫ్టీకి శత్రువే. జిన్నింగ్ మిల్లులో పొద్దంతా ఉన్నవాళ్ల కనుబొమ్మల మీద సైతం నూగు కనపడుతుంది. అదే నూగు పిస్టల్‌లోకి పోతుంది. మీట కింద ఒక చిన్న స్ప్రింగు, దాని ముందు ఒక మొన ఉంటాయి. మీట తిప్పినప్పుడు ఆ మొన గుంటలో పడి "టక్" మంటుంది. నూగు అక్కడ చేరి, దీపం ఒత్తిలా ఆయిల్ పీల్చుకుని బంకగా మారితే టక్ మనడం ఆగిపోతుంది. మీట నడిమిట్లో నిలబడుతుంది. బయటికి చూస్తే పడ్డట్టే ఉంటుంది, లోపల హ్యామర్‌ను ఆపే కొక్కేన్ని పట్టుకోదు. నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో ఆర్మరర్ పని, అంటే ఆయుధాలు బాగుచేసే పని, చేసినవాణ్ని. మా ఆర్మరీకి వచ్చే ఆయుధాల్లో విరిగినవాటి కన్నా మురికి పట్టినవే ఎక్కువ, ఆయిల్ తక్కువై కాదు, ఎక్కువై. సీజన్ నడుస్తున్నన్నాళ్లు వారానికోసారి ఖాళీ చేసి, పాత టూత్‌బ్రష్‌తో మీట చుట్టూ గీకి, పొడిగుడ్డతో తుడవండి. ఆయిల్ ఒక్క చుక్క చాలు, అది కూడా తుడిచెయ్యండి. ఎండాకాలం చెమటకు తుప్పు వస్తుంది కాబట్టి అప్పుడు ఒంటి వైపు భాగం మీద కన్నేసి ఉంచాలి.

"సేఫ్టీ వేసి ఉంటే కిందపడ్డా పేలదు" అనే నమ్మకం ఒకటి ఉంది. అన్నింటికీ అది నిజం కాదు. చాలా పాత డిజైన్లలో మీట ఆపేది హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కేన్ని, తూటాను కొట్టే మొనను కాదు. గొట్టం మూతి నేలకు తగిలేలా గట్టిగా పడితే ఆ మొన దానంతటదే ముందుకు ఉరికే అవకాశం ఉంటుంది. కోల్ట్ వాళ్లు తమ 1911లో ఆ మొనకు అడ్డం పడే ముక్కను సిరీస్ 80 పేరుతో చేర్చింది 1983లో. అప్పటికి ఆ పిస్టల్ వయసు డెబ్భై దాటింది. తాతల నాటి విలాయతీ పిస్టళ్లు మన దిక్కు దొరల ఇండ్లలో ఇంకా ఉన్నాయి, ఆ వారసులు కూడా ఈ ముక్క చదవాలనే ఇక్కడ రాస్తున్నాను. ఛాంబర్ ఖాళీగా ఉంటే పడినా దొర్లినా పేలడానికి అందులో ఏమీ ఉండదు.

మరి అవసరం వచ్చినప్పుడు? మీ దోస్తు భయం అదే, అది ఉత్త భయం కాదు. ఛాంబర్ ఖాళీగా ఉంటే రెండు చేతులు కావాలి. మీరు ఎడమచేత్తో పిస్టల్ తీస్తారు, కుడిచేత్తో స్లైడ్‌ను పై నుంచి పట్టి పూర్తిగా వెనక్కి లాగి వదులుతారు. ఒక చెయ్యి స్టీరింగ్ మీదో, మీద పడ్డవాడి మెడ మీదో ఉంటే ఆ పని కాదు. ఈ లోటు ఒప్పుకునే చెప్తున్నాను. కానీ రెండో వైపు కూడా చూడండి. ప్రతిరోజూ కారు ఎక్కడం దిగడం, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మరుగుదొడ్డికి పోయినప్పుడు బెల్టు విప్పడం, రాత్రి తీసి పెట్టడం, ఇవన్నీ తప్పనివి. వాటిలో ఏ ఒక్కసారైనా పేలితే తగిలేది మీ తొడకో, పక్కన ఉన్న పిల్లవాడికో. దొంగ వచ్చే రోజు వస్తుందో రాదో తెలియదు. అంగి పైకి లాగి పిస్టల్ బయటికి తియ్యడానికి పట్టే సమయం ముందు స్లైడ్ లాగడం పెద్ద ఆలస్యం కాదు, చెయ్యి అలవాటు పడితే.

ఆ అలవాటుకు తూటాలు కాల్చక్కర్లేదు. ఎన్ని కొనవచ్చో మీ లైసెన్సులోనే రాసి ఉంటుంది, కాల్చి నేర్చుకుందామంటే అవి ఏ మూలకు? డమ్మీ తూటాలు, స్నాప్ క్యాప్‌లంటారు, కొనుక్కోండి. అసలు తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, మ్యాగజైన్‌లో డమ్మీలు వేసి, రాతి గోడ వైపు తిరిగి, అంగి లేపడం, తియ్యడం, స్లైడ్ లాగడం నెమ్మదిగా చెయ్యండి. తొందర వద్దు, ప్రతిసారీ ఒకే తీరుగా రావాలి. చూపుడు వేలు ట్రిగ్గర్ మీదికి పోకుండా పక్కన చాచి ఉండాలి. ఇంత మాత్రం కూడా చేసే తీరిక లేదంటే, సేఫ్టీ సంగతి పక్కన పెట్టి, పిస్టల్ నడుముకు పెట్టుకోవడం గురించే మళ్లీ ఆలోచించుకోవాలి.

సేఫ్టీకి అసలు పని పడేది పిస్టల్ తీసి స్లైడ్ లాగిన తర్వాత. దీని గురించి ఎవరూ చెప్పరు. మిమ్మల్ని చూసి వాడు పారిపోయాడనుకోండి. ఇప్పుడు మీ చేతిలో రౌండు ఎక్కి, హ్యామర్ లేచి, చెమటపట్టిన వేళ్ల మధ్య పిస్టల్ ఉంది. గుండె దడదడలాడుతోంది, 112కు ఫోన్ చెయ్యాలి, జనం ఉరికి వస్తున్నారు. చాలామంది అదే పిస్టల్‌ను అలాగే నడుములో దోపుకుంటారు. ఆ క్షణంలో మీట పడాలి. ఎడమచెయ్యి బొటనవేలికి అందదు కాబట్టి మూతి కిందికి పెట్టి కుడిచేత్తో వెయ్యండి, పడినట్టు కంటితో చూసి, ఆ తర్వాత ఖాళీ చెయ్యండి. డమ్మీలతో సాధన చేసేటప్పుడు ఈ చివరి భాగాన్ని కూడా కలుపుకోండి, తియ్యడం ఒక్కటే చేసి ఆపకండి.

పెట్టుకునే తీరు గురించి రెండు మాటలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయటికి తీసుకెళ్లే పిస్టల్ హోల్‌స్టర్‌లోనో అలాంటి దానిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. కాబట్టి అంగి కింద పెట్టుకోవడం దాచడమేమీ కాదు, చట్టం అడిగేదే అది. హోల్‌స్టర్ మాత్రం గట్టిది కొనండి, ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసి ఉండేది. మెత్తటి గుడ్డ సంచీ లాంటిదైతే మళ్లీ లోపల పెట్టేటప్పుడు ఆ సంచీ మూతి ముడుచుకుపోతుంది, అంగి కొస ట్రిగ్గర్ గార్డులో దూరుతుంది. జేబులో తాళం చెవులతో కలిపి వేసుకోవడం మరీ అన్యాయం. రెండు తాళం చెవుల మధ్య ట్రిగ్గర్ ఇరుక్కోవడానికి ఎంతసేపు?

ఇక మీ ఆమె మాట. ముగ్గురిలో నేను ఎక్కువ మార్కులు వేసేది ఆమెకే. పిల్లల విషయంలో సేఫ్టీ మీటను అసలు లెక్కలోకి తీసుకోకండి. మీట కనపడితే తిప్పడమే పిల్లల పని. ఇంటికి రాగానే చెప్పులు విప్పడం కన్నా ముందు పిస్టల్ ఖాళీ కావాలి. మొదట మ్యాగజైన్ బయటికి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి. ఈ వరస తప్పి ముందు స్లైడ్ లాగితే మ్యాగజైన్‌లోని తూటా ఛాంబర్‌లోకి వస్తుంది, ఆ తర్వాత మ్యాగజైన్ తీసి ఖాళీ అయిందనుకుంటాం. ఖాళీ పిస్టల్ పేలిందని మీరు వినే కథల్లో చాలావాటి లోపల ఉన్నది ఇదే. స్లైడ్ వెనక్కి పట్టి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. మ్యాగజైన్ తీస్తే పేలని పిస్టళ్లు కొన్ని ఉన్నాయి, మీది అదేనని నమ్మకండి. పిస్టల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో. బీరువాలో చీరల కింద పెట్టడం తాళం వేసినట్టు కాదు. తాళం చెవి మీ మొలతాడుకు ఉన్నా సరే, గోడ మేకుకు మాత్రం వద్దు.

పొరపాటున పేలి ఎవరికైనా ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. "సేఫ్టీ వేసే ఉంచాను సార్" అనే మాట స్టేషన్‌లో ఎవరినీ కదిలించదు, లైసెన్సు కూడా పోవచ్చు. దొంగ మీద వాడిన సందర్భంలోనూ ఆత్మరక్షణ హక్కు అవసరానికి మించి పోకూడదు. పారిపోతున్నవాడి వీపు మీదికి కాల్చి ఆత్మరక్షణ అంటే నిలబడదు. ఇంతకీ పత్తి పైసలు చేతుల మీదుగా తిప్పడం ఎంత తగ్గిస్తే అంత మంచిది. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోళ్ల డబ్బు రైతుల ఖాతాల్లోకే పోతున్నప్పుడు, ప్రైవేటు మిల్లులకు మాత్రం నోట్ల సంచీ ఎందుకు?

పెండ్లికి పెట్టుకుని పోకండి. చట్టం ఒప్పుకుంటుందా అన్నది తర్వాత సంగతి. పెండ్లిలో నలుగురు కౌగిలించుకుంటారు, పిల్లలు ఒళ్లోకి ఎక్కుతారు, బరాత్‌లో ఎగురుతారు, ఒక గుక్క పడుతుంది. నడుము దగ్గర గట్టిగా తగిలితే బావమరిది "ఏంది బావా అది, సూపియ్యి" అంటాడు. లైసెన్సు లేని మనిషి చేతికి పిస్టల్ ఇవ్వడం నేరం, చుట్టమైనా సరే. ఎవరైనా "ఒక్కటి పైకి పేల్చు" అని ఎగదోస్తే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత వేడుకల్లో కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంటిల్లిపాదీ హన్మకొండకు పోతారు కాబట్టి ఖాళీ ఇంట్లో కూడా పెట్టకండి. ఎన్నికలప్పుడు జమ చేసినట్టే, లైసెన్సున్న డీలర్ దగ్గర సేఫ్ కస్టడీకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ డీలర్‌కు రిపేరు లైసెన్సు కూడా ఉంటే మీట కింద నూగు తీయించి, స్ప్రింగు సరిగ్గా ఉందో లేదో చూడమనండి. దసరా దాటి పత్తి బండ్లు రావడం మొదలైతే మీకు ఆ తీరిక దొరకదు.